కారులో మంద్రనాదం

ప్రక్రియ: వైజ్ఞానిక వ్యాసం. ఒక శాస్త్రవిషయాన్ని సామాన్య పాఠకునికి సుబోధకంగా వివరించే రచన వైజ్ఞానిక వ్యాసం. యువత ఆసక్తి చూపే ఒక సాంకేతిక విషయాన్ని మన సంగీత, తర్క శాస్త్రాల పరిభాషతో సమన్వయించి చెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

కనుమ పండుగ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. ఏకాదశ రుద్రులకు ప్రతీకలుగా పరిసర గ్రామాల నుండి బయలుదేరిన ప్రభలు కొబ్బరితోటల నడుమ నుండి, పచ్చని చేల మీదుగా, కౌశిక నీటిని దాటి, భక్తుల భుజాల మీద తోటకు చేరుకుంటాయి. ప్రభ కంటికి కనబడకముందే డోలు చెవిని చేరుతుంది. దగ్గరకు వచ్చిన కొద్దీ ఆ డోలును చెవితోపాటు రొమ్ముతో కూడా వింటాం. తిరుగు ప్రయాణంలో అటువంటి వాద్యాన్నే, ఎంత చక్కగా ముద్రించినదైనా సరే, కారుతో వచ్చిన స్టీరియోలో పెట్టి వింటే లయ వినబడుతుంది, సన్నాయి మరీ స్పష్టంగా వినబడుతుంది. రొమ్మున తాకిన ఆ దెబ్బ మాత్రం ఉండదు. ఈ లోటును పూరించుకోవడానికే చాలామంది యువకులు కారు కొన్న కొద్ది నెలలకే సబ్‌వూఫరు, యాంప్లిఫయరు అమర్చుకోవాలనుకుంటారు. కోరిక సహజమైనదే. అయితే ఆ అమరికలో ఒక్క తీగ విషయంలో అశ్రద్ధ చేస్తే బండికీ, ఒక్కొక్కప్పుడు బండిలోని మనుషులకూ ముప్పు వాటిల్లుతుంది. కాబట్టి ఈ పని చేయించుకునేవారు దాని లోతుపాతులు కొంతైనా తెలుసుకోవడం అవసరం.

పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో నాదానికి మూడు స్థానాలు చెప్పాడు. మంద్రానికి హృదయం, మధ్యమానికి కంఠం, తారానికి శిరస్సు స్థానాలు. వీటిలో ఒక్కొక్కటి తన ముందున్నదానికి రెట్టింపు అని కూడా ఆయన పేర్కొన్నాడు. నేటి భౌతికశాస్త్రం దీనినే పౌనఃపున్యంతో కొలుస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు గాలి కంపిస్తే అన్ని హెర్ట్జులు. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జుల వరకు గ్రహించగలదు. ఒక గాయకుని ఆధార షడ్జం 130 హెర్ట్జులు అనుకుంటే, మంద్ర షడ్జం 65 హెర్ట్జులు, తార షడ్జం 260 హెర్ట్జులు అవుతాయి. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ మూడు స్థాయిలలోనూ అనాయాసంగా సంచరించిన గాయకులు. ఆయన మంద్రస్థాయిలోకి దిగినప్పటి గాంభీర్యం కారు తలుపులో ఉండే చిన్న స్పీకరు నోట సగమే పలుకుతుంది. డోలు, మృదంగం ఎడమ ముఖం, సినిమా పాటలలోని బేస్ గిటారు ఇంకా కిందికి దిగుతాయి. సుమారు 80 హెర్ట్జులకు దిగువన ఉన్న ఈ నాదలోకాన్ని వినిపించడమే సబ్‌వూఫరు పని.

చిన్న స్పీకరుకు అది ఎందుకు సాధ్యం కాదు? మన తీరప్రాంతపు వెచ్చని గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. 5,000 హెర్ట్జుల తరంగం పొడవు 7 సెంటీమీటర్లు. 50 హెర్ట్జుల తరంగం పొడవు 7 మీటర్లు. అంటే చిన్న కారు కన్నా దాదాపు రెట్టింపు పొడవు. అంతటి అలను లేపాలంటే చాలా గాలిని నెట్టాలి. పదహారు సెంటీమీటర్ల కాగితపు శంకువు ఆ పని చేయబోతే అదిరి, వణికి, చివరకు చినిగిపోతుంది. న్యాయదర్శనంలో శబ్దవ్యాప్తిని గురించి రెండు ఉపమానాలున్నాయి. నీటిలో ఒక అల మరొక అలను పుట్టించినట్లు శబ్దం సాగుతుందనేది వీచీతరంగ న్యాయం. కడిమి మొగ్గ నలువైపులకూ ఒక్కసారిగా విచ్చుకున్నట్లు వ్యాపిస్తుందనేది కదంబముకుళ న్యాయం. తరంగం పొడవు మనకు గోచరించిన తరువాత ఈ రెండవ ఉపమానం మంద్రనాదానికి ఎంత చక్కగా అమరుతుందో తెలుస్తుంది. తారస్వరం ఏ వైపు నుండి వచ్చిందో చెవి ఇట్టే పసిగడుతుంది. మంద్రనాదం అన్ని వైపులకూ సమంగా విచ్చుకుంటుంది, పైగా దాని తరంగం చాలా పొడవైనది కావడం వల్ల దాని మూలాన్ని చెవి పోల్చుకోలేదు. అందువల్లనే సబ్‌వూఫరు పెట్టెను డిక్కీలో పెట్టినా పాట ముందు నుండే వస్తున్నట్లు తోస్తుంది.

ఇక శక్తి సంగతి. అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో స్టీరియోను బజారులో వేరుగా కొని బిగించేవారు. నచ్చకపోతే ఊడదీసి మరొకటి పెట్టేవారు. ఇప్పటి కార్లలో తెరతో కూడిన స్టీరియో డాష్‌బోర్డులో అంతర్భాగం. వెనుక కెమెరా, స్టీరింగు మీది మీటలు, కొన్ని బండ్లలో శీతలయంత్రపు అమరికలు కూడా దానితోనే ముడిపడి ఉంటాయి. దానిని తొలగించడం కన్నా ఉంచుకొని, దానికొక తోడును చేర్చడమే యుక్తం. ఆ తోడే యాంప్లిఫయరు. కారులో ఇంజను నడుస్తున్నప్పుడు లభించే విద్యుత్తు దాదాపు 14 వోల్టులు. ఆ వోల్టేజీతో నేరుగా పనిచేసే స్టీరియో 4 ఓముల స్పీకరుకు శుద్ధమైన శబ్దాన్ని ఇవ్వగలిగేది 25 వాట్ల వరకే. ఇది ఏ కంపెనీ లోపమూ కాదు, గణితం విధించిన హద్దు. వేరుగా బిగించే యాంప్లిఫయరు మొదట ఆ 14 వోల్టులను తన కడుపులో పెంచుకొని, ఆ పెరిగిన వోల్టేజీతో వందల వాట్లను ఇస్తుంది.

ఈ వాట్ల విషయంలో ఒక హెచ్చరిక. దుకాణంలో పెట్టెల మీద 2,000 వాట్లు, 3,000 వాట్లు అని ముద్రించి ఉంటుంది. కావ్యానికి అతిశయోక్తి అలంకారం. విద్యుత్ పరికరానికి కాదు. నిలకడగా ఇవ్వగల శక్తిని 'ఆర్.ఎం.ఎస్.' అనే అక్షరాల పక్కన చిన్నగా ముద్రిస్తారు. కొనేవాడు చదవవలసినది ఆ చిన్న అంకెనే. మరొక మాట. 300 వాట్లను 600 వాట్లు చేస్తే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా తోచాలంటే శక్తిని సుమారు పది రెట్లు పెంచాలి. సాధారణమైన చిన్న కారుకు 200 నుండి 300 ఆర్.ఎం.ఎస్. వాట్లు చాలు. ఆపై ఖర్చుకు తగిన ఫలం కనబడదు.

సబ్‌వూఫరును ఒట్టిగా గాలిలో ఉంచి మోగిస్తే మంద్రం వినబడదు. శంకువు ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు చుట్టూ కలిసి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. వాటిని విడదీయడానికే పెట్టె. మన వాద్యకారులు ఈ విద్యలో మనకన్నా ముందున్నారు. బొబ్బిలి వీణకు పనస కర్రను తొలిచి కుండ చేస్తారు. మృదంగం ఎడమ ముఖానికి కచేరీకి ముందు తడిపిన బొంబాయి రవ్వ ముద్దను అద్దుతారు. ఆ ముద్ద బరువు చర్మపు కంపనాన్ని నెమ్మది చేసి నాదాన్ని మంద్రానికి దించుతుంది. సబ్‌వూఫరు శంకువును బరువుగా చేయడంలో ఉన్న సూత్రం సరిగ్గా ఇదే. పెట్టెలలో మూసినది, రంధ్రమున్నది అని ప్రధానంగా రెండు రకాలు. మూసిన పెట్టెలో శబ్దం బిగువుగా, దెబ్బ తరువాత దెబ్బ విడివిడిగా వినబడుతుంది. రంధ్రమున్న పెట్టె ఘటం వంటిది. తన సొంత స్వరం దగ్గర నాదాన్ని పెంచి పలుకుతుంది, అయితే చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. పన్నెండు అంగుళాల సబ్‌వూఫరుకు మూసిన పెట్టె అయితే సుమారు 30 లీటర్ల లోపలి ఘనపరిమాణం సాధారణంగా సరిపోతుంది. కచ్చితమైన కొలత తయారీదారు ఇచ్చిన పత్రంలో ఉంటుంది. మృదంగం, వీణ ప్రధానంగా వినేవారికి మూసిన పెట్టెనే నేను సూచిస్తాను. ఒక్క దెబ్బ మరొక దెబ్బలోకి కారిపోతే తాళజ్ఞానం ఉన్నవారికి మనస్తాపమే. డిక్కీలో చోటు వదులుకోలేని వారికి సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల చదును పెట్టెలు ఉన్నాయి.

ఇప్పుడు ఈ పాఠంలో ముఖ్యమైన విషయానికి వద్దాం. మా కళాశాలలో చదువుకున్న ఒక యువకుడు రాజమహేంద్రవరం నుండి మారేడుమిల్లికి పర్యాటకులను తీసుకువెళ్లే టాక్సీ నడుపుతాడు. ఒక కార్ డెకార్ దుకాణంలో సబ్‌వూఫరు పెట్టించుకున్నాడు. ఆరునెలలు హాయిగా మోగింది. ఒక రాత్రి గోకవరం దాటి రంపచోడవరం వైపు ఎక్కుతుండగా రబ్బరు కాలిన వాసన వచ్చింది. వెనుక సీట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. అతడు బండి ఆపి, అందరినీ దింపి, బోనెట్ ఎత్తి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ టెర్మినల్ విప్పేశాడు. అప్పటికే తీగ మీది తొడుగు మూరెడు మేర కరిగిపోయింది. జరిగినదేమిటంటే, యాంప్లిఫయరుకు వెళ్లే తీగను ఇంజనుకూ లోపలి భాగానికీ మధ్య ఉన్న ఇనుప రేకు కన్నం గుండా, రబ్బరు బుష్ లేకుండా లాగారు. కొండదారి కుదుపులకు రేకు అంచు ఆ తొడుగును కోసింది. లోపలి రాగి రేకును తాకింది. మార్గమధ్యంలో ఫ్యూజు లేదు. సీట్ల జేబులో స్పానరు ఉండటం ఆ రాత్రి వారి అదృష్టం.

కారు బ్యాటరీ 12 వోల్టులే కదా, షాకు కూడా కొట్టదు కదా అని చాలామంది తేలికగా చూస్తారు. షాకు కొట్టని మాట నిజమే. కానీ అడ్డుకునేది లేనప్పుడు ఆ బ్యాటరీ వందల ఆంపియర్లను ఒక్కసారిగా విడుదల చేయగలదు. తీగ క్షణాలలో నిప్పుకణికవుతుంది. అందువల్ల బ్యాటరీ నుండి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. యాంప్లిఫయరు మీద ఎలాగూ ఫ్యూజు ఉన్నదిగా అని దుకాణదారుడు అనవచ్చు. ఆ ఫ్యూజు యాంప్లిఫయరును కాపాడుతుంది, బ్యాటరీకీ దానికీ మధ్య ఉన్న ఐదు మీటర్ల తీగను కాపాడదు. ఫ్యూజుకు ముందున్న తీగకు కావలి లేదు. కనుక ఆ కావలి లేని భాగం ఎంత పొట్టిదైతే అంత మంచిది.

తీగ మందం కూడా లెక్క ప్రకారం ఉండాలి. 300 వాట్ల యాంప్లిఫయరు నూటికి ఎనభై వంతుల సామర్థ్యంతో పనిచేస్తే బ్యాటరీ నుండి 375 వాట్లు తీసుకుంటుంది. అంటే పూర్తి శక్తి వద్ద సుమారు 27 ఆంపియర్లు. ఐదు మీటర్ల పొడవున 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే దారిలో పోయేది పావు వోల్టు లోపే. ఇళ్లలో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే దాదాపు ఒక వోల్టు పోతుంది. 25 వాట్ల వేడి ఆ తీగలోనే పుడుతుంది. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ వినియోగించే శక్తి అంత. దానిని తివాచీ కింద పరచి, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటామన్నమాట. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కూడా అమ్ముతారు. చూపుకు తేడా తెలియదు. ఒక పోగును చాకుతో గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది. అల్యూమినియం వాహకత రాగిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ కాబట్టి, అదే మందం తీగ అదే పనికి సరిపోదు.

ఋణధ్రువాన్ని బ్యాటరీ దాకా తీసుకువెళ్లనవసరం లేదు. కారు ఇనుప దేహమే తిరుగు దారి. డిక్కీలో రేకు మీది రంగును ఎమరీ కాగితంతో గీకి, మెరిసే ఇనుము కనబడిన చోట, అంతే మందం గల పొట్టి తీగను బోల్టుతో గట్టిగా బిగించాలి. సీటు బెల్టు బోల్టును ఇందుకు వాడరాదు. అది ప్రాణం నిలబెట్టే బోల్టు. మన డెల్టాలో మరొక జాగ్రత్త అవసరం. అంతర్వేది నుండి కాకినాడ దాకా ఉప్పుగాలి, తేమ. రంగు గీకిన ఇనుము వర్షాకాలం ముగిసేలోగా తుప్పు పడుతుంది. బిగింపు వదులై యాంప్లిఫయరు ఆగి ఆగి పలుకుతుంది. బిగించిన తరువాత దాని మీద గ్రీజు గానీ రంగు గానీ పూయడం మరువరాదు. పెట్టెకు వాడే ఎం.డి.ఎఫ్. పలక కూడా నీరు తగిలితే ఉబ్బి పొరలు విడిపోతుంది.

స్టీరియో నుండి సంకేతం తీసుకోవడం ఇక కష్టమేమీ కాదు. కారుతో వచ్చిన స్టీరియోకు సాధారణంగా ప్రత్యేక నిర్గమ ద్వారం ఉండదు. వెనుక స్పీకర్లకు వెళ్లే తీగల నుండి చీలిక తీసి, హై లెవెల్ ఇన్‌పుట్ గల యాంప్లిఫయరుకు నేరుగా కలపవచ్చు. ఆ వసతి లేకపోతే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ అనే చిన్న పెట్టెను ఉంచాలి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఋణధ్రువాన్ని విప్పాలి. పసుపు తొడుగు తీగలు కనబడితే వాటి జోలికి పోరాదు; అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. విద్యుత్ తీగను బండికి ఒక పక్క నుండి, సంకేతపు తీగను రెండవ పక్క నుండి తీసుకువెళ్లాలి. రెండూ జంటగా నడిస్తే ఇంజను వేగంతోపాటు పెరిగే ఒక కీచు స్వరం పాట వెనుక శ్రుతి తప్పిన తంబురాలా వినబడుతుంది. యాంప్లిఫయరును మేల్కొలిపే సన్నని తీగను తాళం తిప్పినప్పుడే విద్యుత్తు వచ్చే చోట కలపాలి. ఎప్పుడూ విద్యుత్తు ఉండే చోట కలిపితే అది రాత్రంతా మేలుకొని ఉంటుంది. తెల్లవారి బండి కదలదు. ఈ మార్పుల వల్ల కారు విద్యుత్ భాగాల వారంటీకి భంగం కలగవచ్చు కనుక ముందుగా ఆ పుస్తకం చదువుకోవడం మేలు.

యాంప్లిఫయరు మీద 'గెయిన్' అనే మీట ఉంటుంది. అది శబ్దం పెంచే మీట అనుకోవడం సర్వత్రా కనబడే భ్రమ. స్టీరియో ఇచ్చే సంకేతాన్ని యాంప్లిఫయరు స్థాయికి సరిచూడటమే దాని పని. స్టీరియో శబ్దాన్ని ముప్పాతిక వంతుకు పెట్టి, గెయిన్‌ను నెమ్మదిగా తిప్పుతూ, దెబ్బ పగిలినట్లు వినబడిన చోటుకు కాస్త వెనుక ఆపాలి. లో పాస్ ఫిల్టరును 80 హెర్ట్జుల దగ్గర ఉంచి, మంద్రం తలుపు స్పీకర్లతో అతుకు తెలియకుండా కలిసే వరకు సవరించుకోవాలి. ఫేజ్ మీటను రెండు వైపులా మార్చి విని, నాదం నిండుగా ఉన్న వైపు వదిలేయాలి. ఈ సర్దుబాటుకు ఒక గంట పట్టినా పట్టవచ్చు. 1969లో పాలకొల్లులో జన్మించి 2014లో కీర్తిశేషుడైన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల పాశ్చాత్య వాద్యాన్ని ఐదు ఒంటి తీగల విద్యుత్ వాద్యంగా మలచుకున్నారు. విద్యుత్తును ఆయన హోరు కోసం వాడలేదు. తీగ మీటిన తరువాత సన్నగిల్లిపోయే నాదాన్ని నిలబెట్టి, అందులో గమకాన్ని పలికించడానికి వాడుకున్నారు. ఆనందవర్ధనుడు వ్యంగ్యార్థాన్ని మోగిన తరువాత నిలిచే అనురణనంతో పోల్చాడు. ఆ అనురణనం వినబడేలా గెయిన్‌ను ఆపగలిగినవాడు రసికుడు.

హోరు వల్ల జరిగే హాని మెల్లగా జరుగుతుంది. లోపలి చెవిలో శంఖాకారంగా చుట్టుకున్న గొట్టంలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. నశించినవి మనిషిలో మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య నిపుణులు హద్దు పెట్టారు. ప్రతి 3 డెసిబెల్లకూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్ల వద్ద అది 15 నిమిషాలు. రాజమహేంద్రవరం నుండి కాకినాడ వెళ్లేలోపు ఆ 15 నిమిషాలు ఎప్పుడో గడిచిపోతాయి. అద్దాలు మూసుకుని హోరులో ఉన్నవాడికి వెనుక అంబులెన్సు సైరన్ కూడా వినబడదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్లు పరిమితి. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. తరంగం పొడవైనది కనుక మంద్రనాదం గోడలను సులువుగా దాటుతుంది. కారు యజమానికి పాటగా తోచేది పక్కింటి వృద్ధునికి పాట లేని దడగా మాత్రమే చేరుతుంది.

పని పూర్తయిన నెల రోజులకు బోల్టులన్నింటినీ మరొకసారి బిగించి, ఫ్యూజు డబ్బీని తాకి చూడాలి. వెచ్చగా ఉంటే ఎక్కడో బిగింపు వదులైనట్లే. నంబరు ప్లేటు గడగడలాడుతుంటే దాని వెనుక కొద్దిగా స్పాంజి పెట్టాలి. సబ్‌వూఫరు చెడిపోయిందని దుకాణానికి తిరిగి వచ్చే బండ్లలో కొన్నింటికి కావలసిన మరమ్మతు అంతే.

అర్థాలు

మంద్రం = గంభీరమైన కింది స్థాయి స్వరం
వీచి = అల
కదంబముకుళం = కడిమి మొగ్గ
అనురణనం = మోగిన తరువాత నిలిచే నాదం
నిర్గమ ద్వారం = బయటకు వెళ్లే దారి
పౌనఃపున్యం = మాటిమాటికీ జరగడం, సెకనుకు కంపనాల సంఖ్య

ప్రశ్నలు

1. మంద్రనాదం విషయంలో కదంబముకుళ న్యాయం ఎలా వర్తిస్తుందో వివరించండి.
2. యాంప్లిఫయరు మీద ఫ్యూజు ఉన్నప్పటికీ బ్యాటరీ దగ్గర మరొక ఫ్యూజు ఎందుకు అవసరం?
3. సందర్భసహిత వ్యాఖ్య రాయండి: "ఫ్యూజుకు ముందున్న తీగకు కావలి లేదు."
4. మృదంగం ఎడమ ముఖానికీ సబ్‌వూఫరుకూ గల పోలిక ఏమిటి?
5. మీ ఊరి జాతరలో గానీ తీర్థంలో గానీ మోగే ఒక వాద్యాన్ని గురించి పది వాక్యాలు రాయండి.